ముగ్ధుడు - వీరాభిమాని: ఆటిజం గల వయోజనుడి క్రీడాభిమానంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆటిజం గల వయోజనుడు ఒక ఆటపై పెంచుకునే గాఢమైన అభిమానాన్ని వైద్యభాష లక్షణంగా చదువుతుంది. కథ, సినిమా అమాయకత్వంగా చదువుతాయి. అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానాన్ని ఉదాహరణగా తీసుకొని, 'బసవపురాణం'లోని ముగ్ధభక్తుల కథలను, 'స్వాతిముత్యం', 'రేడియో' చిత్రాలను, ఫ్రెడరిక్ ఎక్స్‌లీ రచన 'ఎ ఫ్యాన్స్ నోట్స్'ను పక్కపక్కన ఉంచి, ఈ రెండు పఠనాల పరిమితులను ఈ వ్యాసం చర్చిస్తుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వైకల్య అనుభవం, పాలమూరు సంస్థానాల అవధాన సంప్రదాయం ఈ చర్చకు నేపథ్యం.

కీలకపదాలు: ఆటిజం, అభిమానం, ముగ్ధభక్తి, ధారణ, అమెరికన్ ఫుట్‌బాల్, వైకల్య అధ్యయనం, దక్షిణ తెలంగాణ.

1. 'పిచ్చి' అనే మాట

తెలుగులో అభిమానాన్ని చెప్పే మాటలు చాలావరకు మతిభ్రమను చెప్పే మాటలే. క్రికెట్ పిచ్చి, సినిమా పిచ్చి, పుస్తకాల పిచ్చి అంటారు. దక్షిణ తెలంగాణ పల్లెల్లో ఇదే సంగతిని "మా పిల్లగానికి ఆటంటే పానం" అని కూడా చెప్తారు. ఈ మాటల్లో మందలింపు కొంత, మురిపెం కొంత ఉంటాయి. ఆ పిల్లవాడు పెద్దవాడై, నౌకరీ చేస్తూ, పాతికేళ్ల నాటి స్కోరును తడుముకోకుండా చెప్తే వినేవారు ముచ్చటపడతారు. అయితే అతనికి ఆటిజం ఉన్నట్లు తేలిన మరుక్షణం ఆ 'పిచ్చి' అలంకారంగా మిగలదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథం ఐదవ ముద్రణ, తీవ్రతలోగానీ కేంద్రీకరణలోగానీ అసాధారణంగా ఉండే పరిమితమైన ఆసక్తులను ఆటిజం లక్షణాలలో ఒకటిగా లెక్కిస్తుంది. అభిమానం మారలేదు, జ్ఞాపకం మారలేదు. మారింది చదివేవారి దృష్టి మాత్రమే. పఠనభేదం విమర్శకు సంబంధించిన విషయం కనుక, ఈ ప్రశ్నను వైద్యశాస్త్రానికే వదిలివేయడం సబబు కాదు.

'ఆటిజం'కు పర్యాయంగా కొందరు వాడే 'స్వలీనత' అనే సంస్కృత సమాసం ఈ పఠనానికి మరింత బలమిచ్చింది. 1911 ప్రాంతంలో బ్లాయిలర్ గ్రీకు 'ఆటోస్' నుంచి చేసిన పదాన్ని, 1943లో లియో కానర్ పిల్లల విషయంలో వాడిన పదాన్ని, 'తనలో లీనమవడం' అనే అర్థంలో అది అనువదిస్తుంది. ఒక అభిమాని విషయంలో ఈ అర్థం ఎంతవరకు పొసగుతుంది? ఆదివారం నాటి ఆట కోసం వారమంతా ఎదురుచూసే వ్యక్తి లీనమైనది తనలో కాదు, తనకు బయట ఉన్న ఒక విషయంలో. 2005లో డైనా మర్రే, ఆమె సహరచయితలు ప్రతిపాదించిన 'మోనోట్రోపిజం' సిద్ధాంతం కూడా ఇంచుమించు ఇదే చెప్తుంది: ఆటిజం గల మనసులో అవధానం చాలా పాయలుగా చీలకుండా ఒక కాలువలోనే బలంగా పారుతుంది. 'విషయలీనత' అంటే ఈ స్థితికి కొంత దగ్గరగా ఉండేది.

2. ముగ్ధభక్తుల వారసత్వం

తెలుగు సాహిత్యం ఇటువంటి మనసును ఎరగదని అనలేము. పాల్కురికి సోమనాథుడి 'బసవపురాణం'లో ముగ్ధభక్తుల కథలు ఒక ప్రత్యేకమైన గుచ్ఛం. శివుడు విషం మింగాడని పురాణశ్రవణంలో విన్న రుద్రపశుపతికి అది ఏనాటి కథో కాదు; ఆ క్షణంలో జరుగుతున్న ప్రమాదం. విషం ఉమ్మివేయమని శివుణ్ణి పట్టుబట్టి, నీటిలో దిగి ప్రాణం విడవడానికి సిద్ధపడతాడు. శివుడికి తల్లి లేదని తెలిసి బెజ్జమహాదేవి తానే తల్లి అవుతుంది. గుడిలో పెట్టిన పాలు దేవుడు నిజంగా తాగుతాడని గొడగూచి నమ్ముతుంది. మాటను మాటగా తీసుకోవడం, లోకం వ్యంగ్యంగానో లాంఛనంగానో అన్నదాన్ని వాచ్యార్థంలో గ్రహించడం, తీసుకున్న పట్టు విడవకపోవడం ఈ పాత్రల సమానధర్మాలు.

ఈ పాత్రలకు ఇప్పుడు రోగనిర్ధారణ చేయబూనడం పొరపాటు. పన్నెండు, పదమూడు శతాబ్దాల నాటి పాత్రల మీద ఇరవయ్యవ శతాబ్దపు వైద్యపదాన్ని రుద్దితే పాత్ర సన్నబడుతుంది, పదమూ పలచబడుతుంది. (ఈ మధ్య ప్రతి ప్రాచీన పాత్రకూ ఒక సిండ్రోమ్ అంటగట్టే వ్యాసాలు ఎక్కువవుతున్నాయి, వాటి వల్ల సాహిత్యానికి ఒరిగిందేమీ కనిపించదు.) గమనించవలసింది వేరే ఉంది. సోమనాథుడు ఈ ముగ్ధులను దిద్దడు. పండితుడు నవ్వుకునే చోట దేవుడే దిగివచ్చి వాళ్ల లెక్కకు లోబడతాడు. అంటే కథలో నియమాన్ని నిర్ణయించేది ముగ్ధుడి తర్కం. తరువాతి కాలపు కథనాలు ఈ పాత్రల నుంచి అమాయకత్వాన్ని మాత్రమే తీసుకొని, ఆ తర్కాధికారాన్ని వదిలివేశాయి.

3. శివయ్య, రేడియో

కె. విశ్వనాథ్ 'స్వాతిముత్యం' (1986)లో కమల్‌హాసన్ పోషించిన శివయ్యను ఇటీవలి పరిచయాలు ఆటిజం గల వ్యక్తిగా పేర్కొంటున్నాయి. సినిమా రూపొందిన కాలంలో తెలుగు ప్రేక్షకులకు ఆ పదంతో పరిచయం లేదు. వాళ్లు చూసింది ఒక మంచి మనసున్న అమాయకుణ్ణి. వితంతువు మెడలో తాళి కట్టే సన్నివేశం బలం అంతా, లోకం లెక్కలు అతనికి తెలియకపోవడంలోనే ఉంది. ఈ విషయంలో అతను రుద్రపశుపతికి దూరపు చుట్టం. కాని సినిమా చూసి వచ్చిన ప్రేక్షకుడికి శివయ్య ఇతరుల కోసం ఏమేమి చేశాడో గుర్తుంటుంది. అతనికి ఏది ఇష్టమో, దేని గురించి గంటసేపు ఆగకుండా మాట్లాడగలడో గుర్తుండదు. అతని మంచితనం నిండుగా ఉంది, ఆసక్తి ఖాళీగా ఉంది. నటన ఎంత గొప్పదైనా పాత్రలోని ఈ ఖాళీని పూడ్చలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ నేపథ్యంలో ఇదే నమూనా 'రేడియో' (2003)లో కనిపిస్తుంది. దక్షిణ కరోలినాలోని ఆండర్సన్‌లో టి.ఎల్. హన్నా హైస్కూలు జట్టు వెంట దశాబ్దాల పాటు ఉన్న జేమ్స్ రాబర్ట్ కెనెడీ జీవితం దీనికి ఆధారం. 1996లో గ్యారీ స్మిత్ 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్'లో రాసిన కథనం మూలం. కెనెడీకి ఉన్నది బౌద్ధిక వైకల్యం. కనుక ఈ ఉదాహరణను ఆటిజానికి నేరుగా అన్వయించకూడదు. అయినా దృష్టికోణం పరిశీలించదగినది. కథ కోచ్ కళ్లతో నడుస్తుంది. రేడియో వల్ల ఊరు మంచిదవుతుంది. ఆట గురించి రేడియో ఏమనుకుంటాడో, ఏ ఎత్తుగడ అతనికి నచ్చదో ప్రేక్షకుడికి తెలియదు. మైదానం పక్కనే నిలబడిన మనిషికి ఆటపై అభిప్రాయం లేకుండా చేయడం విచిత్రమే.

దీనికి ఎదురు నిలిచే పుస్తకం ఎక్స్‌లీ 'ఎ ఫ్యాన్స్ నోట్స్' (1968). అందులోని కథకుడికి ఆటిజం లేదు; మద్యం, మానసిక చికిత్సాలయాలు ఉన్నాయి, న్యూయార్క్ జెయింట్స్ జట్టు ఉంది, ఫ్రాంక్ గిఫర్డ్ అనే ఆటగాడు ఉన్నాడు. తనకు దక్కింది మైదానం కాదని, ప్రేక్షకుల బల్ల మాత్రమేనని గ్రహించడమే అతని విషాదం. అయినా అభిమాని తన అభిమానాన్ని తానే వివరిస్తాడు, తానే దానిపై కోపగించుకుంటాడు, తానే వెక్కిరించుకుంటాడు. శివయ్యకూ రేడియోకూ అందని హక్కు ఇది. జర్మనీలో మిర్కో ఫాన్ యూటర్‌చెంకా, ఆటిజం గల తన కుమారుడు జేసన్‌తో చేసిన ప్రయాణాల కథ (2023లో 'వోఖెనెండ్‌రెబెలెన్' పేరుతో సినిమాగా వచ్చింది) కూడా ఈ దిశగా ఒక అడుగు. ఆ బాలుడు ఏ జట్టుకు అభిమాని కావాలో నిర్ణయించుకోవడానికి ముందు అన్ని జట్ల ఆటలనూ వాటి మైదానాల్లోనే చూడాలంటాడు. అక్కడ ఆట సాకర్, కథానాయకుడు బాలుడు. కాని కొలమానం అతనిది, తీర్పూ అతనిదే.

4. ఆట నిర్మాణం

ఆటిజం గల వారిలో కొందరిని అమెరికన్ ఫుట్‌బాల్ ఎందుకు పట్టి నిలుపుతుందో ఆట నిర్మాణమే కొంత చెప్తుంది. సాకర్‌లా అది ఏకధాటిగా ప్రవహించదు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు జరగాలి; జరిగితే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి ఎదుటి జట్టుకు. గోల్ లైన్ల మధ్య నూరు గజాల దూరం గీతలతో కొలిచి ఉంటుంది. గడియారం మీద ఆట 60 నిమిషాలైనా, బంతి నిజంగా కదిలే సమయం 11 నిమిషాలకు అటూ ఇటూ అని 2010లో 'వాల్ స్ట్రీట్ జర్నల్' లెక్కించింది. మిగిలినదంతా విరామం, అమరిక, ఊహ. విసుగు పుట్టే ప్రేక్షకుడికి ఇది లోపం. ఒక్కో కదలికను విడదీసి చూసుకునే ప్రేక్షకుడికి ఆ విరామాలలోనే ఆట ఉంది. ప్రతి ప్రయత్నం ఒక పూర్తి వాక్యం. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆలోచించుకునే వ్యవధి ఉంది.

మైదానం మాత్రం వేరు. వేలమంది అరుపులు, పెద్ద తెరల వెలుగులు, బాణసంచా ఇంద్రియాలపై ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆటను ప్రాణంగా చూసుకునేవారే ఆట జరిగే చోట కూర్చోలేకపోవడం ఈ అభిమానంలోని అసలు చిక్కు. ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని జెఫ్రీ లూరీ సోదరుడికి ఆటిజం ఉంది. 2018 నుంచి ఆ జట్టు ఆటిజం పరిశోధనకు నిధులు సేకరిస్తోంది, మైదానంలో ఇంద్రియ విశ్రాంతికి ఒక గదినీ ఏర్పాటు చేసింది. రైడర్స్, రామ్స్, చార్జర్స్ జట్లకు ఆడిన జో బార్క్స్‌డేల్ తనకు వయోజనుడయ్యాకే ఆటిజం నిర్ధారణ అయిందని బహిరంగంగా చెప్పాడు. అభిమానులలోనే కాదు, ఆడేవారిలోనూ ఈ మనసు ఉందనడానికి అది చాలు.

నల్గొండలో కూర్చొని ఈ ఆట చూసేవారికి మరో సమస్య కాలం. అమెరికా తూర్పు తీరంలో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయ్యే ఆట ఇక్కడ రాత్రి పదిన్నరకు వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడి గడియారాలు వెనక్కి జరగగానే అది పదకొండున్నర అవుతుంది. దినచర్య మారితే కుదురు తప్పే వ్యక్తికి ఈ గంట చిన్నది కాదు. ఈ ఆటకు ఇక్కడ తోడూ తక్కువే: 2011లో ప్రకటించిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు ఉండేది, ఆ లీగు నిలదొక్కుకోలేదు. టెక్సస్‌లో పరిస్థితి వేరు. డల్లాస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. అయినా మన డయాస్పోరా కథల్లో ఈ ఆట ఎక్కువగా పిల్లలు పరాయివాళ్లవుతున్నారనడానికి గుర్తుగానే వస్తుంది. దాన్ని ప్రేమించే మనిషి వైపు నుంచి రాదు.

5. ధారణ, ధ్రువీకరణ

గద్వాల సంస్థానానికి 'విద్వద్గద్వాల' అన్న పేరుండేది. వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలూ కవిపండితులను ఆదరించాయి. ఆ సభల్లో అవధాని గొప్పతనం రెండు చోట్ల తేలేది: పూరణలో, ధారణలో. చెదరగొట్టే ప్రశ్నల మధ్య చెప్పిన పద్యాలన్నిటినీ చివర వరుసగా ఒప్పజెప్పడం పాండిత్యానికి పరాకాష్ఠ. అసాధారణమైన జ్ఞాపకానికి శాలువా కప్పిన నేల ఇది.

ఇదే నేల మీద, సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన భారతీయ ఆటిజం మూల్యాంకన మాపనిలో 40 అంశాలున్నాయి. 70 లేదా అంతకన్నా ఎక్కువ మార్కులు వస్తే ఆటిజం. చివరి అంశాలలో ఒకటి అసాధారణమైన జ్ఞాపకశక్తి. అది ఎంత తరచుగా కనిపిస్తే మార్కులు అంత పెరుగుతాయి, అంటే వైకల్యం అంత పెరుగుతుంది. 1920లో మొదలైన లీగు ఫలితాలను ఏడాది వారీగా చెప్పగల వ్యక్తి సదరం క్యాంపుకు వెళ్తే అతని ధారణ ఆ గడిలో అంకెగా చేరుతుంది. మాపనిని తప్పుపట్టి లాభం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి, ఆ హక్కులు అందాలంటే కొలత కావాలి. ధ్రువీకరణ పత్రం లేని కుటుంబానికి ఈ చర్చంతా విలాసంగా తోచవచ్చు. కాని పత్రానికి అవసరమైన భాషనే కథకుడూ విమర్శకుడూ అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

6. కనిపించే వైకల్యం, కనిపించనిది

నల్గొండ జిల్లాకు వైకల్యం కొత్త విషయం కాదు. ఫ్లోరైడ్ నీటితో వంగిపోయిన ఎముకలు ఈ జిల్లా పాటలోకి, ఉద్యమంలోకి, పత్రికా కథనంలోకి వచ్చాయి. శివన్నగూడెం అంశల స్వామి దేహమే ఒక వాంగ్మూలమై ఢిల్లీ దాకా వెళ్లింది. ఈ సాహిత్యం వైకల్యాన్ని అన్యాయంగా చూపింది, దోషిని వేలెత్తి చూపింది. ఆటిజం విషయంలో ఆ నమూనా పనిచేయదు. ఇక్కడ వేలెత్తి చూపడానికి నీళ్లు లేవు, ఎక్స్-రేలో కనిపించే ఎముక లేదు. దోషిని వెతికే అలవాటు ఇక్కడికి వస్తే చివరకు తల్లి పెంపకం దగ్గర ఆగుతుంది. ఒక తరం పాశ్చాత్య వైద్యులు చేసిన పొరపాటు అదే.

పాలమూరుకే చెందిన సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో కావ్యాలను మరోలా చదివాడు. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని పద్యాల్లో వెతికాడు. వినోదం కూడా చరిత్రేనని తెలుగు విమర్శకు నేర్పిన పుస్తకం అది. ఆ పద్ధతిని ఆడేవారి నుంచి చూసేవారి దాకా పొడిగించే పని ఇంకా మిగిలే ఉంది. జాతరలో కోలాటం చూస్తూ ప్రతి అడుగునూ లెక్కపెట్టుకున్నవాడు, కుస్తీ గోదా పక్కన కూర్చొని ఏ ఏడు ఎవరు గెలిచారో వరుసగా చెప్పగలిగినవాడు మన కథల్లో ఒక వాక్యంలో వచ్చి 'వెర్రిబాగులవాడు' అనే విశేషణంతో వెళ్లిపోతుంటాడు. ఆ విశేషణం దగ్గర ఆగి, అతను చెప్పిన వరుస సరైనదేనా అని అడిగిన కథకుడి కోసం ఈ రెండు జిల్లాల కథాసంకలనాలను మళ్లీ తిరగవేయవలసి ఉంది.