కన్ను ఎక్కడ ఆగాలి?

పోయిన వానాకాలం మా ఆశ్రమ పాఠశాల పిల్లలతో ‘మా ఊరి కొండ’ అని ఫోటోలు తీయించాను. ఉన్న నాలుగు ఫోన్లతోనే వంతులవారీగా తీశారు. ముప్పైకి పైగా వచ్చాయి. అన్నిటిలోనూ కొండ, మబ్బు, పచ్చదనం. బాగానే ఉన్నాయి గానీ, చూస్తుంటే వేలు తనంతట తానే తర్వాతి ఫోటోకి జరిగిపోయింది. ఒక్క దాని దగ్గర ఆగాను. అదే కొండ. కింద కుడివైపు జొన్న చేలో మంచె, మంచె మీద ఒక అవ్వ. గోరంత ఉంది. ఆ అవ్వను చూశాకే కొండ ఎంత పెద్దదో తెలిసింది.

ఫోటోగ్రఫీలో దీన్ని ఫోకల్ పాయింట్ అంటారు. కన్ను ముందుగా వాలే చోటు, చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చి ఆగే చోటు. మన ఎదురుగా ఉన్న కొండ నాలుగు దిక్కులా ఉంటుంది. గాలి, వాసన, చప్పుడు అన్నీ ఉంటాయి. ఫోటోలో అవేమీ ఉండవు. కాబట్టి చూసేవాడి కన్నుకి ఒక ఆనవాలు ఇవ్వాలి.

ఇందుకు మంచి ఉదాహరణ అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’. న్యూమెక్సికోలో ఒక చిన్న పల్లె. ఫోటోలో సగానికి పైగా నల్లటి ఆకాశం. అందులో చిన్న చంద్రుడు. కింద మట్టి ఇళ్ళు, చర్చి, శ్మశానంలో తెల్లటి శిలువలు. పొద్దు గూకే వేళ చివరి వెలుగు ఆ శిలువల మీద పడింది. దారిన పోతూ చూసి, కారు ఆపి, వెలుతురు కొలిచే మీటరు దొరక్కపోతే చంద్రుడి వెలుగు లెక్క గుర్తుచేసుకుని తీశాడు. రెండోది తీసేలోపు శిలువల మీద వెలుగు పోయింది. కన్ను ముందు చంద్రుడి దగ్గరికి వెళ్తుంది, తర్వాత శిలువల దగ్గరికి దిగుతుంది. బతికినవాళ్ళ ఇళ్ళు, పోయినవాళ్ళ గుర్తులు పక్కపక్కనే. చంద్రుడొక్కడే ఉంటే అది అందమైన ఆకాశం మాత్రమే.

అదే ఆడమ్స్ తీసిన యోసెమిటీ లోయ ఫోటోలతో నాకు పేచీ ఉంది. రాతి కొండలు, మంచు, జలపాతాలు. పనితనానికి వంక పెట్టలేం. మనుషులు మాత్రం దాదాపు కనబడరు. ఆ లోయ అవానీచీ అనే ఆదివాసులది. 1851లో సాయుధ దళం వచ్చి వాళ్ళ గూడేలు తగలబెట్టింది. ఈ సంగతి తెలియనివాళ్ళు ఆ ఫోటోలు చూస్తే, అక్కడ ముందునుంచీ ఎవరూ లేరనే అనుకుంటారు.

ఇప్పుడు మన పాపికొండల ఫోటోలు చూడండి. గోదావరి సన్నబడే చోటు, రెండు వైపులా కొండలు, మధ్యలో పర్యాటకుల లాంచీ. కన్ను లాంచీ మీదే ఆగుతుంది. ఒడ్డున కొండరెడ్ల ఇళ్ళు ఫ్రేము బయటే ఉండిపోతాయి. పోలవరం ముంపు గురించి మాట్లాడేటప్పుడు ఆ ఖాళీ కొండల ఫోటోలే చూస్తే, మునిగేది నీళ్ళూ అడవే అనిపిస్తుంది. ఫోటో అబద్ధం చెప్పలేదు. కన్నుని వేరే చోట ఆపింది, అంతే.

అలాగని మనిషిని నిలబెడితే సరిపోదు. కొందరు మన ఆడవాళ్ళకి పూసలు వేయించి, జలపాతం ముందు నిలబెట్టి తీస్తారు. అక్కడ మనిషి కూడా అలంకారమే. తన పనిలో తను ఉన్న మనిషి వేరు. మనిషే ఉండాలనీ లేదు. ఇప్ప చెట్టు కింద ఊడ్చిన నేల, చేలో మంచె, వాగు దాటే కాలిబాట చాలు, ఇక్కడ ఎవరో బతుకుతున్నారని చెప్పడానికి.

పిల్లలకి నేను చెప్పేది ఇంతే. ఫోన్ ఎత్తేముందు, ‘ఇందులో దేన్ని తీసేస్తే ఇది మా ఊరు కాకుండా పోతుంది?’ అని అడుక్కోండి. దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టకుండా కాస్త పక్కకి జరపండి, మిగిలిన చోటు కొండకి దక్కుతుంది. దాని వెనక గజిబిజి ఉంటే రెండడుగులు పక్కకి నడవండి. పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుగు దాని మీద పడేదాకా ఆగండి. జూమ్ చేయకండి, దగ్గరికి నడవండి.

మంచె ఫోటో తీసిన పాపను అడిగాను, అక్కడే ఎందుకు తీశావని.

“అవ్వకి సద్ది తీసుకెళ్తున్నా సార్. దూరం నుంచి అవ్వ ఉందా లేదా అని చూసుకుంటా కదా, అట్లే తీశా” అంది.