అర అంగుళం తోలు

ఒంగోలు లాంటి ఊళ్ల పూల్ పార్లర్లలో గురి తప్పితే నింద బల్ల మీదికో, గుడ్డ మీదికో పోతుంది. క్యూ (ఆట కర్ర) కొనేవారు కూడా చెక్క చూస్తారు, బరువు చూస్తారు, బ్రాండు చూస్తారు. బంతిని తాకే టిప్పును మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది పూల్ క్యూకు సుమారు 13 మిల్లీమీటర్లు, స్నూకర్ క్యూకు 9 నుంచి 10 మిల్లీమీటర్లు వెడల్పుండే తోలు బిళ్ల. దెబ్బ పడినప్పుడు అది బంతిని ఆనుకుని ఉండేది సెకనులో వెయ్యో వంతు. ఆటగాడు ఏళ్ల తరబడి నేర్చిందంతా ఆ కాస్త సమయంలో, ఆ తోలు గుండానే బంతికి చేరాలి. అందుకే టిప్పు మార్చడాన్ని చిల్లర మరమ్మతుగా కాక, ఆటలో భాగమైన చేతిపనిగా గుర్తించాలి.

ఈ మాటకు చరిత్రే సాక్ష్యం. క్యూ కొన వట్టి చెక్కగా ఉన్నంతకాలం బంతిని పక్కగా కొడితే కర్ర జారిపోయేది. 1807 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో మాంగో అనే సైనికాధికారి తోలు టిప్పును ప్రచారంలోకి తెచ్చాకే బంతిని తిప్పడం, వెనక్కి లాగడం ఒక విద్యగా ఎదిగాయి. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మధ్య పుట్టిన స్నూకర్‌కు 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు రాశారు. అప్పట్లో ఊటీ, ఒంగోలు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. మన క్లబ్బుల్లో మార్కర్ అంటే స్కోరు చెప్పే మనిషి మాత్రమే కాదు. బల్ల తుడవడం, టిప్పు అతికించడం కూడా ఆయన చేతి పనులే.

ఆ పని చూడటానికి తేలికే గానీ ఓపిక అడుగుతుంది. పాత టిప్పును బ్లేడుతో తీసేశాక ఫెర్రుల్ (క్యూ కొనకు టిప్పు కింద ఉండే బిళ్ల తొడుగు) ముఖాన పాత జిగురు కొంచెం కూడా మిగలకూడదు. దాని మీద స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టాలి. సందులోంచి వెలుగు కనిపిస్తే ఇంకా చదును చేయాల్సిందే. కొత్త టిప్పు అడుగును గాజుపలక మీద పరిచిన సాండ్ పేపర్‌పై రుద్దాలి. పేపర్‌ను చేతిలో పట్టుకుని రుద్దితే అంచులు అరిగి, అతికినట్టే కనిపించి నాలుగు ఆటలకే ఊడొస్తుంది. జిగురు ఒక్క చుక్క చాలు. అది గట్టిపడ్డాక క్యూను తలకిందులుగా చెక్క మీద నిలబెట్టి, బయటికొచ్చిన తోలును బ్లేడుతో పైనుంచి కిందికి చెక్కాలి. పూల్ టిప్పు పై వంపు సుమారుగా రూపాయి బిళ్ల అంచు వంపులా ఉండాలి. చివరగా పక్కలను కొద్దిగా తడిపి, తోలుముక్కతో మెరుపొచ్చేదాకా రుద్దితే టిప్పు పుట్టగొడుగులా పక్కలకు ఉబ్బకుండా నిలుస్తుంది.

మంచి ఆటగాడు ఏ కర్రతోనైనా ఆడతాడు కదా అనేవారున్నారు. బంతి నడిమధ్య కొట్టినంతసేపు అది నిజమే. కానీ జారకుండా రాసే చాక్ బాగా పట్టిన టిప్పుతో కూడా కేంద్రం నుంచి బంతి వ్యాసార్ధంలో సుమారు సగం దూరం దాటితే జారడం ఖాయం. పూల్ బంతికి అది 14 మిల్లీమీటర్లు. నున్నగా గాజులా మారిన టిప్పు అంతకన్నా ముందే జారుతుంది, ఎంతటి నేర్పరి చేతిలోనైనా. జపాన్ నుంచి వచ్చే పంది తోలు పొరల టిప్పులు కొంటే సరిపోతుందన్నది మరో వాదన. అవి ఆకారం ఎక్కువకాలం నిలుపుకుంటాయన్నది నిజం. అయినా వంకర ఫెర్రుల్ మీద అతికిస్తే వాటి గతీ అంతే. మరతో బిగించే టిప్పులు సందడి ఎక్కువున్న పార్లర్లకు వీలుగా ఉంటాయి, కానీ తరచూ వదులవుతాయి.

సంరక్షణ మాత్రం అందరికీ చేతనవుతుంది. మెరుపెక్కిన టిప్పును గరుకు సాధనంతో మెల్లగా తట్టి రేపాలి. ఊరికే అరగదీస్తే తోలే పోతుంది. 1897లో అమెరికాలో పేటెంటు పొందిన చాక్ సుద్ద కాదు, సిలికా లాంటి గరుకు పొడి. ప్రతి దెబ్బకు ముందు దాన్ని పూతలా రాయాలి తప్ప గుంటపడేలా తిప్పకూడదు. రోహిణి కార్తె ఎండకు తోలు బిగుస్తుంది, తుఫాను రోజుల తేమకు మెత్తబడుతుంది. కాబట్టి కాలం మారినప్పుడల్లా టిప్పు వంపు చూసుకోవాలి.

పార్లర్ యజమానులు గుడ్డ మార్చడానికి పెట్టే ఖర్చులో కొంత టిప్పులకూ, ఆ పని తెలిసిన మనిషి జీతానికీ పెట్టాలి. గంటకింత అని డబ్బు తీసుకుంటున్నప్పుడు, సరైన టిప్పున్న కర్రను ఆడేవారి చేతిలో పెట్టడం యజమానుల బాధ్యత.