సార్వత్రిక విద్య: ప్రవేశానికీ పాఠానికీ మధ్య

దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. నేటి డా. బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఇంటర్మీడియట్ చదవనివారికి సైతం అర్హత పరీక్ష ద్వారా డిగ్రీ ప్రవేశం కల్పించిన ఈ వ్యవస్థలో ‘సార్వత్రిక’ అంటే అందరికీ ప్రవేశమున్నదని అర్థం. ఆన్‌లైన్ కోర్సుల వ్యాప్తితో దానికి ‘ఉచితం’ అనే అర్థం తోడైంది. పాఠాన్ని అనువదించి, సవరించి, తిరిగి పంచుకునే హక్కు అనేది మూడవ అర్థం. తెలుగులో ఉన్నత విద్యకు ఈ మూడవ అర్థమే కీలకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2001లో ప్రకటించిన ఓపెన్ కోర్స్‌వేర్ పథకం ఈ హక్కును గుర్తించింది. మూలాన్ని పేర్కొని, వ్యాపారేతర ప్రయోజనాలకు, అవే షరతులతో పాఠాలను ఎవరైనా అనువదించుకోవచ్చు. 2012లో ఆరంభమైన కోర్సెరా, ఎడెక్స్ వేదికలు ప్రవేశాన్ని ఎంతగానో విస్తరించాయి గాని, ఈ హక్కును సాధారణ నియమం చేయలేదు.

ఈ కోర్సులపై తరచుగా వినిపించే విమర్శ, పూర్తిచేసేవారు స్వల్పమన్నది. హార్వర్డ్, ఎం.ఐ.టి.లు ఎడెక్స్‌లో తొలి ఏడాది నిర్వహించిన 17 కోర్సుల్లో 8,41,687 నమోదులకు 43,196 ధ్రువపత్రాలే లభించాయి. అయితే గ్రంథాలయంలో ఒక పుస్తకం నుండి ఒక్క అధ్యాయమే చదివిన పాఠకుణ్ణి మనం విఫలుడనం. సంఖ్యల కన్న యాజమాన్య ప్రశ్న మౌలికమైనది. లాభాపేక్ష లేని సంస్థగా పుట్టిన ఎడెక్స్‌ను 2021లో 80 కోట్ల డాలర్లకు టూయూ అనే వ్యాపార సంస్థ కొనుగోలు చేసింది. వేదిక దయతో లభించే ఉచితం యజమాని మారితే మారవచ్చు. క్రియేటివ్ కామన్స్ అనుమతితో ఒకసారి వెలువడిన పాఠానికి ఆ అనుమతిని వెనక్కు తీసుకోవడం కుదరదు.

మన దేశంలో 2017లో ప్రారంభమైన ‘స్వయం’ వేదిక కోర్సులకు విశ్వవిద్యాలయాలు క్రెడిట్లు ఇస్తున్నాయి. ఎన్‌.పి.టి.ఇ.ఎల్. పాఠాలు కొన్ని తెలుగులోకి అనువాదమయ్యాయి. ఇది స్వాగతించదగిన కృషి. కాని వాక్యానికి వాక్యం తెలుగు చేసినంత మాత్రాన పాఠం తెలుగు పాఠం కాదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల ద్వారా వ్యాప్తిలోకి వచ్చిన పరిభాషతో దానికి పొందిక కుదరాలి. ఉదాహరణలు విద్యార్థి ఎరిగిన జీవితం నుండి రావాలి. ఆ మార్పులు చేయగలవాడు తరగతిలోని అధ్యాపకుడే. అతనికి ఆ హక్కు లేకపోతే అతడు దృశ్యపాఠానికి కాపలాదారుగా మిగులుతాడు.

హక్కు ఒక్కటే చాలదన్నదీ నిజమే. సవరణకు సమయం కావాలి, సవరించినదాన్ని పరిశీలించే విద్వత్సమితి కావాలి, ఆ శ్రమకు పదోన్నతుల్లో గుర్తింపు ఉండాలి. అయినా మొదటి అడుగు మన చేతిలోనే ఉన్నది. ప్రజాధనంతో తెలుగు శాఖలు రూపొందించే ప్రతి కోర్సు మొదటి పుటలోనే దాన్ని నకలు తీసుకోవడానికి, సవరించడానికి, పంచుకోవడానికి అనుమతి ఉన్నదని స్పష్టంగా ప్రకటించాలి. వేమనపై ఒక శాఖ తయారుచేసిన పాఠానికి మరొక కళాశాల అధ్యాపకుడు పాఠాంతరాలు చేర్చి తిరిగి అందించగలిగితే, అప్పుడది సార్వత్రికమన్న పేరుకు తగుతుంది.