అంకణాల లెక్క

అమరాపురం వైపు పాత ఇల్లు ఎంతుందని అడిగితే పెద్దవాళ్లు అడుగుల్లో చెప్పరు, అంకణాల్లో చెబుతారు. దూలానికీ దూలానికీ నడుమ జాగా ఒక అంకణం. ఓ మోస్తరు రైతు కట్టుకున్నది మూడంకణాల మట్టి మిద్దె. ముందర అరుగు, లోపల పడసాల, వంటింటి పొగ పోవడానికి నడినెత్తిన గవాచి. వాన మొదలైతే ఎవరో ఒకరు పైకెక్కి గవాచికి బండ మూత వేయాలి.

పాత మిద్దె కనబడితే నేను ముందు కప్పు చూస్తాను. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలు, ఆకూ అలమూ, తొక్కిన మన్ను, అన్నిటికీ పైన చౌడు. చేలో పైరును బతకనివ్వని ఆ చౌడే ఇంటిని కాస్తుంది. అందులోని సోడియం వల్ల బంకమన్ను రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే సీమకు ఈ కప్పు చాలు. మృగశిర లోపు కొత్త చౌడు పోయాలి. పోసిన కొద్దీ బరువు పెరిగి దూలం వంగుతుంది. వంపు చూస్తే ఇంటి వయసు కొంత తెలుస్తుంది.

ఇల్లు ఎన్ని చేతులు మారిందో తెలుసుకోవడమే కష్టం. దగ్గర్లోని హేమావతి నొళంబ రాజుల రాజధాని, అక్కడి స్తంభాలకు చరిత్రకారులున్నారు. మన ఇంటి కూసానికి ఎవరున్నారు? ఊరి నడుమ ఇళ్లు గ్రామకంఠంలో ఉంటాయి, పట్టాలుండవు. పంచాయతీ పన్ను రసీదు, పెట్టెలో పాత పారీకత్తు ఉంటే ఉన్నట్టు. అందులో ఇంటి కొలతల కన్నా చెక్కుబందీ వివరంగా ఉంటుంది: తూర్పుకు ఫలానావాళ్ల గోడ, పడమరకు రస్తా.

అసలు చిక్కు పంపకాల దగ్గరుంది. కొత్త గోడ దూలం కిందే లేవాలి, అంకణం మధ్యలో లేపితే పైన ఆనుకోవడానికేమీ ఉండదు. మూడంకణాలకు ఇద్దరు అన్నదమ్ములైతే ఒకరికి రెండు, రెండోవాడికి ఒకటీ, దాంతోపాటు దొడ్డీ కొట్టమూ. పెద్దమనుషుల తీర్పనుకుంటాం గానీ సగం తీర్పు వడ్రంగి ముందే చెప్పేసి ఉంటాడు.

ఆడపిల్ల మాట ఆ లెక్కలోకే రాలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షను ప్రకారం, మగ వారసులు పంచుకుందామనుకునేదాకా కాపురమున్న ఇంట్లో ఆమె తన వాటా విడదీయమని అడగడానికి వీల్లేదు. పెళ్లి కానిదో, భర్త పోయినదో, భర్త వదిలేసినదో అయితే తలదాచుకోవచ్చు, అంతే. 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రం అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. ఇంటికున్న ఈ అడ్డు మాత్రం 2005లో గానీ తొలగలేదు.

2020లో కేంద్రం స్వామిత్వ పథకం తెచ్చింది. నేల మీద సున్నంతో హద్దు గీస్తారు, డ్రోను పైనుంచి ఫొటో తీస్తుంది, యజమానికి కార్డు వస్తుంది. మంచిదే. కానీ మిద్దె ఒకటీ, కింద కాపురాలు రెండూ అయిన చోట డ్రోనుకు కనబడేది చౌడు ఒక్కటే. ఇంట్లో లేచిన నడిమి గోడకు సున్నం ఎక్కడ వేస్తారు? రెండడుగుల మందం గోడ, ఎవరి వైపు ఎంత? ‘నడిమి గోడ ఉమ్మడి’ అని పారీకత్తులో రాసుకున్నవాళ్లకు బాధ లేదు. రాసుకోనివాళ్లు సర్వే రాకముందే కూర్చుని రాసుకోవాలి, ఆడబిడ్డ సంతకంతో సహా.