గురజాడ అసమ్మతిపత్రము - మూల్యాంకన సమస్య

1914లో గురజాడ అప్పారావుగారు మదరాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతిపత్రము వ్యావహారిక భాషావాదమునకు ప్రధానాధారముగా ప్రసిద్ధి కెక్కినది. ఆ ప్రసిద్ధి యుక్తమే. కాని ఆ పత్రము వెలువడిన సందర్భము వేరొక దృష్టితో గూడ విచారింపదగియున్నది. వ్యాసరచన పరీక్షలో విద్యార్థి యే భాషలో వ్రాయవలెను, పరీక్షకుడు దేనిని తప్పుగా నెంచవలెను అనునదియే నాటి ప్రశ్న. కావున నది భాషావివాదము మాత్రమే కాదు, మూల్యాంకన వివాదము కూడ.

పరీక్షకు రెండు గుణములు ముఖ్యములని విద్యాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దేనిని కొలువదలచితిమో దానినే కొలుచుట సప్రమాణత. ఎవరు దిద్దినను ఫలితము మారకుండుట విశ్వసనీయత. ఈ దృష్టితో చూచినచో గ్రాంథికవాదుల పక్షమునందలి బలము తెలియును. వ్యవహారభాష సీమసీమకు మారును. ఒక జిల్లా విద్యార్థికి సహజమైన ప్రయోగము వేరొక జిల్లా పరీక్షకునకు దోషముగా తోచవచ్చును. వ్యాకరణనియతమైన భాష యున్నచో అందరికిని ఒకే కొలబద్ద లభించును. ఈ వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు.

అయినను అది రెండు చోట్ల నిలువకున్నది. అరసున్న, శకటరేఫము, ద్రుతకార్యము మున్నగువానిలోని తప్పులను లెక్కించి మార్కులు తగ్గించినప్పుడు కొలువబడినది వ్యాకరణజ్ఞానమే కాని రచనాశక్తి కాదు. విషయమును క్రమముగా ప్రతిపాదించిన విద్యార్థియు, అసంబద్ధముగా వ్రాసిన విద్యార్థియు తప్పుల లెక్కలో సమానులు కావచ్చును. ఇది సప్రమాణతకు లోపము. ఇక గిడుగు రామమూర్తిగారు పండితుల గ్రాంథిక రచనలనుండియే దోషములను ఎత్తిచూపిరి. దిద్దువారికే నిర్దోషముగా వ్రాయ శక్యముకాని భాషలో దిద్దుబాటు ఏకరూపముగా నుండునని నమ్ముట యెట్లు? కావున విశ్వసనీయత సయితము సందిగ్ధమే.

తరువాతి కాలమున పాఠ్యగ్రంథములలోను, పరిశోధన గ్రంథములలోను వ్యావహారికము స్థిరపడినది. భాషావిషయమున గురజాడ పక్షము గెలిచినది. మూల్యాంకన విషయమున నట్లు చెప్పజాలము. తరగతిలో బోధించిన పద్యమునే యిచ్చి ప్రతిపదార్థ తాత్పర్యములు వ్రాయుమనుట నేటికిని వాడుకలో నున్నది. పద్యమును గ్రహించి వ్రాసినవాడును, గైడులోని తాత్పర్యమును వల్లెవేసినవాడును దీనివలన వేరుపడరు. 1956లో బ్లూమ్ ప్రభృతులు బోధనలక్ష్యములను జ్ఞానము, అవగాహన, వినియోగము, విశ్లేషణము, సంశ్లేషణము, మూల్యనిర్ణయము అని ఆరు మెట్లుగా విభజించిరి. మన ప్రశ్న తరచుగా మొదటి మెట్టుకడనే ఆగిపోవుచున్నది. పూర్వము వ్యాకరణము రచనాశక్తిని మరుగుపరచినట్లు నేడు జ్ఞాపకశక్తి అవగాహనను మరుగుపరచుచున్నది.

దీనికి ప్రతిక్రియ కష్టసాధ్యము కాదు. విద్యార్థి చదువని పద్యము నొకదానిని, కఠినపదముల అర్థములతో సహా ఇయ్యవలెను. దానిలోని భావమేమి, ఆ భావమునకు బలము చేకూర్చిన పదమేది, అది యెట్లు చేకూర్చినది అని యడుగవలెను. విషయమునకు, ప్రతిపాదనక్రమమునకు, భాషకు మార్కులు వేరువేరుగా నుండవలెను. దిద్దుటకు పూర్వము పరీక్షకులు కొన్ని పత్రములను కలిసి దిద్ది, తమ కొలతలను సరిచూచుకొనవలెను. అప్పుడు విశ్వసనీయతకు భంగము వాటిల్లదు.

కట్టలకొలది పత్రములను గడువులోపల దిద్దవలసిన అధ్యాపకునకు ఇది భారమే. కావున ప్రశ్నపత్రమున ఒక్క ప్రశ్నతోనైనను ప్రారంభింపవచ్చును. పరీక్షలో అడుగనిదానిని విద్యార్థి చదువడు; కొంతకాలమునకు అధ్యాపకుడును బోధింపడు. సాహిత్యావగాహనను పరీక్ష కొలువనిచో తరగతిలో దానికి చోటు మిగులదు.