చిన్న భోజన ప్రార్థన

కృతజ్ఞతార్పణ కూడికలలో అనేక దేశముల సంఘములు పాడు కీర్తన యొకటి కలదు. జర్మను పాదిరియైన మార్టిన్ రింకార్టు దానిని రచించెను. 1858లో కాథరీన్ వింక్‌వర్తు దానిని ఇంగ్లీషులోనికి తెచ్చెను.

ముప్పది యేండ్ల యుద్ధకాలమున, 1637లో, రింకార్టు కాపరిగా నున్న ఐలెన్‌బర్గు పట్టణమును తెగులు పట్టుకొనెను. ఆ యేట ఆయన నాలుగు వేలకు పైగా మృతులను సమాధి చేసెనని చెప్పుదురు. వారిలో ఆయన భార్యయు నొకతె. ఆ శవముల నడుమనే ఈ స్తుతి పుట్టెనని బోధకులము వర్ణించుట వాడుక.

కాని కీర్తననే చూడుడి. దానికి కవి పెట్టిన పేరు చిన్న భోజన ప్రార్థన. తెగులుకు పూర్వమే వ్రాసియుండునని పలువురి యభిప్రాయము. అందు తెగులు ప్రస్తావనయే లేదు. పసితనమునుండి పొందిన మేలులున్నవి. దీని బలమంతయు ఇచ్చటనే యున్నది. ఆపద్దినమున కృతజ్ఞత క్రొత్తగా పుట్టదు. గంజి త్రాగిన పూట అలవాటైనదే ఆనాడు నిలుచును.

ఒక కొరతయు చెప్పవలెను. ఇందు కన్నీటికి మాట లేదు. బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లిచేత దీనిని పాడించుట దయగల పని కాదు. ఆమెకు మొదట 13వ కీర్తన కావలెను. అది మొరతో మొదలై స్తుతితో ముగియును.

హృదయము, నోరు, చేతులు, ఈ మూడింటితోను స్తుతింపుమని కవి కోరెను. మనము నోటితో పాడి, కవరులో కానుక వేసి, అంతటితో ఊరకుందుము. ఈ రాత్రి భోజనమునకు కూర్చుండునప్పుడు దేవుని స్తుతించి, అన్నము వండిన ఆమెతోను ఒక మంచి మాట పలుకుడి. ఆమె గిన్నెలు మీ చేతులతో కడుగుడి.