మూటలతో మంచుకొండకు

అమెరికాలో సియాటిల్ దగ్గరి రెడ్మండులో ఉద్యోగము చేయుచున్న మా గౌడవెల్లి కుర్రవాడొకడు, భార్యను, ఏడాదిన్నర నిండిన కూతురిని వెంటబెట్టుకొని డిసెంబరు సెలవులలో సరిహద్దు దాటి, కెనడాలోని విస్లర్ మంచుకొండలకు స్కీయింగు నిమిత్తము పోవ సంకల్పించి, తీసుకొనిపోవలసిన సామగ్రికి ఒక పట్టిక తయారుచేసి, క్రిందటి శీతకాలమున మా అమ్మాయి కుటుంబముతో నేనును ఆ కొండల దాకా పోయి వచ్చినవాడనన్న గౌరవముచేత, సరిచూడుమని ఈ వారము నాకు వాట్సాపులో పంపినాడు. బయట శ్రావణపు ముసురు, చేతిలో ఫోను, తెరను వేలితో ఎంత పైకి తోసినను పట్టిక తరుగుటలేదు. అది చదివి నాకు పుట్టిన చికాకు చల్లారకముందే అతని తల్లి, మాకు రెండిండ్ల అవతలనున్న ఇల్లాలు, తడిసిన గొడుగును గుమ్మమునకు ఆనించి వచ్చి కూర్చున్నది. “చూడుండ్రి అన్నా, పాలు మరవని పిల్లను మంచుల ఆడిపిస్తనంటున్నడు వాడు. పిల్లకు సర్ది జేస్తే ఆ పరాయి దేశంల ఎవరు జూడాలె? మీ మాట ఇంటడు, జర మీరన్న చెప్పుండ్రి” అన్నది.

కొడుకు దావా ఒకటి, తల్లి దావా ఒకటి, న్యాయస్థానము మా వసారా. తల్లి పక్షమున తీర్పు చెప్పుటకు నేను సగము సిద్ధపడియే ఉంటిని. మూటలతో నాకున్న వైరము ఈ కాలమ్ చదువువారికి క్రొత్త కాదు. పెండ్లివారి సూట్‌కేసులను గూర్చి వ్రాసితిని. కొండమెట్లెక్కుటకని బయలుదేరి చక్రముల పెట్టెలను ఈడ్చుకొనిపోవు తిరుపతి యాత్రికులను గూర్చి వ్రాసి కొందరి కోపమునకు పాత్రుడనైతిని. మనుష్యుడు తన భుజముమీద మోయగలిగినంతయే ప్రయాణమున అతనికి కావలసినదని నేను ఎన్నడో తేల్చుకొంటిని. అట్టి నాకు, రెండేండ్లు నిండని పసిదాని కొరకు కారు డిక్కీ చాలక పైకప్పునకు ఇంకొక పెట్టెను బిగించవలెనన్న పట్టికను పంపి ఆమోదము కోరుట ఆ కుర్రవాని అమాయకత్వమే.

అయినను పట్టికలోని కొన్ని పంక్తులను కాదనుటకు వీలులేదు. లోపలి బట్టలు నూలువి కారాదు, ఉన్నివి కావలెనని వ్రాసినాడు. నిజమే, నూలు తడిని పీల్చి ఒంటిని అంటిపెట్టుకొని చల్లబరచును, ఉన్ని తడిసినను కొంత వెచ్చదనమును నిలుపును. చేతితొడుగులు వేళ్లు విడివిడిగా ఉన్నవి కాక, నాలుగు వేళ్లును ఒకే గూటిలో ఇముడునవి కావలెను. అప్పుడు ఒక వేలి వేడిమి ఇంకొక వేలికి అందును. నల్లకళ్లద్దములు విలాసము కొరకు కావు. క్రొత్తగా కురిసిన మంచు తనమీద పడిన అతినీలలోహిత కిరణములలో నూటికి ఎనుబది వంతుల వరకు తిరిగి ముఖముమీదికే కొట్టును. దళసరి కోటు తొడిగి పిల్లను కారుకుర్చీలో బిగించరాదన్న పంక్తిని చూచి నిజముగా మెచ్చుకొంటిని. కోటులోని దూది పట్టీకిని ఒంటికిని నడుమ నిలిచి, పట్టీ బిగిసినట్లు భ్రమ కలిగించును. కారు దేనికైన గుద్దుకొన్న క్షణమున ఆ దూది అణగిపోయి, పట్టీ వదులై, పిల్ల జారిపోవును. కోటు విప్పి, పట్టీ బిగించి, పిదప ఆ కోటునే పైన కప్పవలెను. రెండేండ్లు నిండువరకు ఆ కుర్చీని వెనుకకు తిరిగియుండునట్లే అమర్చవలెనని వాషింగ్టన్ రాష్ట్రపు చట్టము.

ఇక తల్లి భయము. మంచుకొండయనగానే మనవారు ఆకాశమంత ఎత్తును తలంతురు. విస్లర్ గ్రామము సముద్రమట్టమునకు సుమారు 670 మీటర్ల ఎత్తున ఉన్నది. మన హైదరాబాదు సుమారు 540 మీటర్లు. తేడా అంతే. అక్కడ మంచు కురియుటకు ముఖ్యకారణము అక్షాంశము—వారిది 50, మనది 17—దానికి తోడు పసిఫిక్ సముద్రము మీదుగా వచ్చి కొండలకు తాకు తేమగాలి. మన దేశమునందే ఆ మంచును చూడగోరి గుల్మార్గునకు పోయినచో 2,600 మీటర్లు ఎక్కవలెను. అక్కడి గండోలా రెండవ అంచె 4,000 మీటర్ల దరిదాపులకు చేర్చును. ఊపిరాడుటలేదని నోరు తెరచి చెప్పలేని పసివారికి ఆ ఎత్తు ప్రమాదకరము. విస్లర్ గ్రామమున ఉన్నవారికి చలియే గాని గాలికి కొరతలేదు. చలికి మందు బట్టలే. ఆ కొండ మీద 1966లో స్కీయింగు మొదలైనది, 2010లో శీతకాలపు ఒలింపిక్సు పందెములు కొన్ని అక్కడనే జరిగినవి. ప్రపంచపు నలుమూలలనుండి జనము పిల్లలతో వచ్చుచునే ఉన్నారు. అయితే స్కీ పాఠములు చెప్పువారు మూడేండ్లు నిండినగాని పిల్లలను చేర్చుకొనరు. ఏడాదిన్నర పిల్లకు అక్కడ పనియేమి? బకెట్టుతో మంచు తోడుకొనుట. అది మన దిగువ ట్యాంక్‌బండు స్నోవరల్డులోనే అగునుగదా యని నా వాదము.

సియాటిల్ ప్రాంతమునుండి విస్లర్ చేరుటకు కారులో ఇంచుమించు ఐదు గంటలు. సరిహద్దు వద్ద పట్టు కాలము దైవాధీనము. బ్లెయిన్ అను ఊరికడ 1921లో కట్టిన శాంతి తోరణము, అమెరికా వైపు ముఖమున ఉభయులము ఒక్క తల్లి బిడ్డలమని చాటుచు నిలిచియున్నది. క్రిందటి శీతకాలమున దాని పక్కగా కార్లు మెల్లగా కదలుచుండగా మా పత్రములను చూచి నాకు వింత తోచినది. మా కారులో ఏ ప్రయాసయు లేక గీత దాటగలవాడు మా మనుమడొక్కడే. అమెరికా గడ్డమీద పుట్టినందున వానిది ఆ దేశపు పాస్‌పోర్టు. కెనడా వీసా వానికి అక్కరలేదు. వాని తల్లికిని, బండి నడుపు తండ్రికిని, వెనుక సీటులో ఇరుకున కూర్చున్న ముసలివారమైన మాకును, భారత పాస్‌పోర్టు గలవారము గనుక, వీసా కావలెను. తిరిగివచ్చునప్పటి చిక్కు వేరు. పాస్‌పోర్టులోని హెచ్‌-1బీ ముద్రకు గడువు తీరినవారు కూడ, ఐ-94 పత్రము చెల్లుబాటులో ఉండి, కెనడాలో క్రొత్త వీసాకు దరఖాస్తు పెట్టక, 30 దినములలోపల మరలివచ్చినచో సాధారణముగా రానిత్తురన్న నియమము కలదు. మన పిల్లలకు ఈ నియమము తమ ఇంటిపేరంత బాగుగా తెలియును. తినుబండారములు ఏమేమి ఉన్నవని అధికారి అడిగినప్పుడు, మా ఇంటామె సకినాల డబ్బాను ఒడిలోనికి ఇంకను గట్టిగా లాగుకొనుట చూచి, నాకు మా నాయనమ్మ జ్ఞాపకమునకు వచ్చినది.

మా నాయనమ్మయు పసివానిని చంకనెత్తుకొని సరిహద్దు దాటిన మనిషియే. ఇప్పటి పిల్లలు నమ్మరు గాని, నిజాము ఏలుబడిలో గౌడవెల్లినుండి బెజవాడకు పోవుటయనగా ఒక ప్రభుత్వమునుండి వేరొక ప్రభుత్వములోనికి పోవుటయే. నిజామునకు తన రైలు, తన తపాలాబిళ్ల, తన రూపాయి, తన సుంకము. కృష్ణా పుష్కరములలో మునుగవలెనని ఆమెకు బుద్ధి పుట్టిననాటికి మా నాయనకు ఇంకను మాటలు సరిగా రాలేదు. మా ఊరి మీదుగా పోవు గోదావరి లోయ రైలు మీటరుగేజి బండి; దానిలో సికింద్రాబాదు చేరి, అక్కడ 1889 నాటికే బెజవాడ దాకా పట్టాలు వేసిన పెద్దబండి నెక్కవలెను. అవతల నిజాము హాలీ సిక్కా చెల్లదు. ఏడు హాలీ రూపాయలకు ఇంచుమించు ఆరు కల్దారు, అనగా ఇంగ్లీషువారి, రూపాయలు వచ్చెడివి. ఎల్ల వద్ద కరోడ్‌గిరి వారు, అనగా సుంకపు నౌకరులు, మూటలు విప్పించెడివారు. ఆమె వెంట ఉన్న సామాను ఒక సద్దిమూట, ఒక రాగిచెంబు, కొన్ని పాతచీర పేలికలు. ఆ మూటమీదనే పిల్లవానిని పండబెట్టగా, జవాను వానిని లేపుటకు మనసొప్పక ముందుకు సాగిపోయినాడట. చెప్పిన ప్రతిసారియు ఆ మూటలోని సరకు మారెడిది: ఒకమారు జొన్నరొట్టెలు, ఒకమారు నేతిడబ్బా, మా మేనత్తకు పెండ్లిసంబంధములు చూచుకాలమున మాత్రము పట్టుచీర. “మీ నాయిన మంచిగ పండిండు బిడ్డా, నాకు సుంకం తప్పిచ్చిండు” అని నవ్వెడిది.

ఈ కథ మూటలమీది నా వైరమునకు తిరుగులేని సాక్ష్యము. కాని విస్లర్ బసలో, అద్దపు కిటికీ కడ మనుమని కావలి కాయుచు కూర్చున్న ఒక మధ్యాహ్నము, కథలోని వేరొక భాగము నా ముందుకు వచ్చి నిలిచినది. బండిలో నాయనమ్మ ఆ పిల్లవానిని నిజముగా ఎత్తుకొన్నది ఎంతసేపు? కాజీపేట దాకా మెదకు వైపు ముసలమ్మ ఒకతె ఒడిలో పెట్టుకొన్నది. ఖమ్మంమెట్టులో ఎక్కిన బాలింత తన బిడ్డతోపాటు వీనికిని పాలిచ్చినది. సత్రములో వంట చేయునామె వానికి స్నానము చేయించినది. నాయనమ్మ కృష్ణలో మూడు మునకలు వేయుచుండగా గట్టున వానిని పట్టుకొని నిలిచినదెవరో ఆమెకే పేరు తెలియదు. అన్ని చేతులు దొరకినందుననే ఆమెకు మూట అక్కరలేకపోయినది.

ఇప్పుడు కుర్రవాని పట్టికను మరల తెరచి చూడుడు. పిల్ల నిద్రను పక్కగదినుండి చూచు కెమెరా; అది పక్కన పండుకొను నాయనమ్మకు బదులు. వానచప్పుడు వంటి ఒకే చప్పుడు చేయుచుండు పెట్టె. అది జోలకు బదులు. వీపునకు కట్టుకొను సంచి మేనమామ భుజము. బల్లకు తగిలించు మడతకుర్చీ పెద్దమ్మ ఒడి. మందులసంచియొక్కటియే మందులసంచి. కొండమీద ఎవరి బిడ్డను ఎవరును అందుకొనరు, అందుకొనుట మర్యాదయు కాదు. అందువలన ఇద్దరే మనుష్యులున్న ఇల్లు, తనకు లేని మనుష్యులనందరిని ప్లాస్టిక్కు రూపమున మోసుకొనిపోవలసి వచ్చుచున్నది. అమెరికాలో కొన్ని స్కీ కొండలవారు తల్లిదండ్రులిద్దరు వంతులవారీగా వాడుకొనుటకు ఒకే టిక్కెట్టును అమ్ముదురు: తండ్రి జారి వచ్చువరకు తల్లి బిడ్డతో కూర్చుండును, తల్లి పోయినప్పుడు తండ్రి. తెలివైన ఏర్పాటే. అయితే దాని వలన ఆలుమగలు వచ్చిన సెలవంతయు ఒకరినొకరు దాటిపోవుటతోనే సరిపోవును. మేమిద్దరము గదిలో ఉన్నందున మా అమ్మాయియు అల్లుడుగారును కలిసి కొండనెక్కి కలిసి దిగినారు. “బాపూ, వీడు పుట్టిన కాణ్నుంచి మేమిద్దరం కలిసి ఏ పనీ చెయ్యలేదు” అని ఆమె బూట్లు విప్పుకొనుచు అన్నమాట, స్కీయింగు వలని ప్రయోజనమును గూర్చి నేను విన్నవానిలో అన్నింటికన్న స్పష్టమైనది.

పిల్లకు రేపు జ్ఞాపకముండదు గదా, ఇంత వ్యయమెందులకని అడుగువారు కలరు, నేనును అడిగినవాడనే. మా నాయనకు బెజవాడ ఏమి జ్ఞాపకమున్నది? పుష్కరస్నానము ఆయనది కాదు, నాయనమ్మది. పోవలెనని ఆమెకు ఉన్నది, పోయినది. పిల్లవాడు ఆమె వెంట ఉన్నాడు. నీవేల పోయితివని ఆమెను ఊరిలో ఎవరును నిలదీయలేదు, ఏలయనగా అది పుణ్యము. ఈనాటి తల్లి మంచుకొండకు పోదునన్నచో మాత్రము బిడ్డకేమి లాభమని లెక్క అడుగుదుము. ఆమె తనకొరకు పోరాదా?

కావున తీర్పు ఇది. కుర్రవాని పట్టికలో ఒక్క పంక్తిని కొట్టివేయ పనిలేదు. పైకప్పు పెట్టెకు కూడ అనుమతి. ఒక్కటి మాత్రము చేర్చి పంపితిని. “చెల్లే, వాని లిస్టుల అన్ని ఉన్నయిగని ఒక్కటి తక్కువుంది. నువ్వు గూడ పో” అని తల్లితో అంటిని. “నేనా? ఆ చలికి నేను బతుకుతనా అన్నా!” అన్నది గాని, పిల్లకు అల్లిన ఉన్నిటోపీ అప్పటికే ఆమె చేతిసంచిలో ఉన్నది.

కొడుకుల, కూతుళ్ల వద్దకు శీతకాలమున పోదలచినవారికి ఒక మాట. పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉన్నంతమాత్రమున కెనడాలోనికి రానీయరు. కెనడా వీసాకు వేరుగా దరఖాస్తు పెట్టి, వేలిముద్రలును ఛాయాచిత్రమును ఇయ్యవలెను. అది చేతికి వచ్చుటకు పట్టు కాలము ఏడాదికొక తీరుగా ఉండును. డిసెంబరు ప్రయాణమైనచో బతుకమ్మ పండుగకు ముందే దరఖాస్తు పెట్టుకొనుడు.